కోట గండిలో విస్తరాకు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నేను లెక్కలు చూసే కొత్త బిల్డింగు పనికి ఎదురుగా ఒక పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది. మొన్న అక్కడ చల్లటి అద్దాల అరలో పంపరపనస తొనలు ఒలిచి, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. మూత సరిగ్గా పడని డబ్బా ఒకటి చేతిలోకి తీసుకోగానే ఆ చేదు కలిసిన పచ్చి వాసన తగిలి, మనసులో కడుతున్న సిమెంటు లెక్క నడిమధ్యలో తెగిపోయింది. స్కూలు మధ్యలో మానేసి సొంతంగా లెక్క నేర్చుకున్నవాణ్ణి నేను; తెగిన లెక్క మళ్ళీ మొదటినుంచి కట్టనిదే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు మాత్రం కట్టలేదు.

మా ఊరు దేవనహళ్ళి దాటాక, బస్సు దిగి మట్టిబాటన నడవాల్సిన చిన్న కోట ఊరు. పంపరపనసను అక్కడ చకోత అంటాం. దసరా దాటి వానలు వెనకబట్టే రోజుల్లో ప్రతి పెరట్లోనూ ఆ కాయల బరువుకు కొమ్మలు నేలకు వంగేవి. పెద్దవాళ్ళు తొక్కను గిన్నెలా ఒలిచి తొనలు తీసుకుంటే, ఆ గిన్నెలు మా పిల్లల నెత్తిమీదికి టోపీలై వచ్చేవి. వాటిని పెట్టుకుని బురుజుల మీద యుద్ధం ఆడేవాళ్ళం. ఇంగ్లీషు దండుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోకపోవడంతో సగం పొద్దు జగడంలోనే పోయేది. సాయంత్రానికి జుట్టంతా జిగట, నోరంతా చేదు, జేబుల్లో ఉడకబెట్టిన శనక్కాయల తడి.

కోట పడిన రోజును తలుచుకునే వార్షికం వచ్చేది ఆ రోజుల్లోనే. పూర్వం ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులతో గోడ పగలగొట్టి లోపలికి వచ్చిన చోట పెద్ద గండి ఉండేది. దాని ముందు చదునులో పందిరి వేసి, కాగితం జెండాలు కట్టి, స్కూలు పిల్లలను వరసగా నిలబెట్టేవారు. కమిటీ పెద్దగా ఉన్న ముసలాయన ఒకప్పటి బడిపంతులు, ఊరంతా ఆయన్ను మేష్ట్రు అనేది. గండిలో చనిపోయిన సిపాయిల సంఖ్య ఆయన ఉపన్యాసంలో ఏటికేడు పెరిగేది. నాకప్పటికే అంకెల పిచ్చి. చనిపోయినవాళ్ళు మళ్ళీ ఎలా ఎక్కువవుతారని అడిగితే నాయన నా తొడ గిల్లాడు.

ఉపన్యాసాలకు ముందే, పొద్దున్నే, ఆడవాళ్ళ పని ఒకటి జరిగేది. ఆ సిపాయిలు ఎక్కడెక్కడినుంచో వచ్చి మా గోడ కింద పడిపోయారు, వాళ్ళ ఇళ్ళకు కబురైనా పోలేదు. అందుకని ఇంటికొక ఆడమనిషి మోదుగాకుల విస్తరిలో రాగిముద్ద, ఉలవచారు, రెండు చకోత తొనలు పెట్టుకుని గండిలో ఉంచి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేది. అక్కడ ఏ పేరూ పలకకూడదు. పేరు తెలిసిన చావుకు పెట్టడానికి సొంతవాళ్ళు ఉంటారు కదా.

అందరికంటే పెద్ద ముద్ద మా అవ్వది.

"ఏమక్కా, ఇంత ముద్ద! సిపాయి వొచ్చేలోగా కుక్కకి కడుపుబ్బుతాది" అనేది పక్కింటామె.

"ఉబ్బనీలేమ్మే. నీ మొగుడి కంటే కుక్కే ఇష్టంగా తింటాది నా వంట" అనేది అవ్వ.

నవ్వుతూనే అన్నా, ఆ ముద్ద వెనక అవ్వకు ఒక లెక్క ఉండేది. ఆమె చిన్నకొడుకు, మా చిన్నాయన, బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్ళి రాలేదు. చనిపోయాడని మిలిటరీవాళ్ళు చెప్పలేదు, కనబడలేదని మాత్రమే చెప్పారు. "ఈడ ఎవురి కొడుక్కో నేను పెడితే, ఆడ ఎవురో తల్లి నా కొడుక్కి పెడతాది. కడుపు నిండినోడు నడిచైనా వొస్తాడు" అని అవ్వ నాతో అనేది. నాకు తెలిసిన లెక్కలన్నిటిలో అదొక్కటే తప్పని అప్పుడే అనిపించింది, ఒప్పయితే బాగుండునని కూడా అనిపించింది. చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, అప్పటికి ముప్పై కూడా నిండని మనిషి, అవ్వ పక్కనే గంప పట్టుకుని నడిచేది. వార్షికం అంగళ్ళలో అవ్వే ఆమెకు చేతులనిండా పచ్చగాజులు తొడిగించేది. నుదుటి బొట్టు కొంచెం చిన్నదైతే ఇంట్లోంచి బయటికి పోనిచ్చేది కాదు.

ఒక ఏడు కమిటీవాళ్ళు, ఊరినుంచి మిలిటరీకి పోయినవాళ్ళను కూడా గౌరవిస్తామని, ఇంటింటికీ తిరిగి ఫోటోలు అడిగారు. నాయన చిన్నాయన ఫోటో ఇచ్చాడు. అవ్వను వేదిక మీదికి పిలిస్తే కొత్తచీర కట్టుకుని, నవ్వు దాచుకోలేక, చిన్నపిల్లలా మెట్లెక్కింది. కొడుకు పేరు మైకులో వినబడి ఎన్నాళ్ళయిందో. పైకెక్కాక అక్కడి బల్ల చూసింది. ఉన్నవాళ్ళ ఫోటోలు ఒక పక్క, పోయినవాళ్ళవి ఒక పక్క. చిన్నాయన ఫోటోకు బంతిపూల దండ, ఫోటో అద్దం మీద కుంకుమ.

"ఎవురప్పా నా కొడుక్కి దండేసింది?"

"గౌరవానికమ్మా" అన్నాడు మేష్ట్రు. "ఊరి పేరు నిలబెట్టినాడు గదా."

"బతికుండేవోడి పటానికి దండేస్తారా? తియ్యప్పా!"

ఆయన చెయ్యి కదల్లేదు. అవ్వే దండ లాగేసి, చీరకొంగుతో కుంకుమ తుడిచింది. తుడిచేకొద్దీ అద్దమంతా ఎర్రగా అలుముకుంది. కింద నాయన తల దించుకున్నాడు. ఆడవాళ్ళందరూ వేదికను వదిలేసి చిన్నమ్మ వైపు చూశారు.

ఆ చూపు మళ్ళీ ఆమెను వదల్లేదు. ఆ తర్వాత ఒక సీమంతంలో కుంకుమ భరిణె వరసగా వస్తూ చిన్నమ్మ ముందు ఆగింది. పట్టుకున్న పిల్ల తల్లి మొహం చూసింది, తల్లి ఇంకెటో చూసింది, భరిణె పక్కామె దగ్గరికి పోయింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఏం చేయాలో ఎవరికీ తెలియలేదంతే. ఇలాంటివే ఇంకొన్ని జరిగాయి. చిన్నమ్మ పేరంటాలకు పోవడం మానేసింది. అవ్వ మాత్రం గాజులు కొంటూనే ఉంది.

మరుసటి వార్షికానికి గంపలో రెండు విస్తర్లున్నాయి. రెండోది చిన్నమ్మ ఎప్పుడు కట్టిందో అవ్వకు తెలియదు. గండి దగ్గర అది చూసి, "ఎవురికమ్మణ్ణీ?" అని అడిగింది.

"రెండు పక్కలా నిలబడలేకుండా ఉండాను అత్తా. ఒక పక్కకి పోతాను."

చిన్నమ్మ ఆకు కిందపెట్టింది. మొగుడి పేరు ఏనాడూ నోట పలకని మనిషి, పేరు పలకకూడని ఆ చోట, చిన్నాయనను పేరుపెట్టి ఒక్కసారి పిలిచింది. తర్వాత వెనక్కి తిరగకుండా నడిచి వచ్చేసింది. అవ్వ తన ఆకును దించలేదు. ఆ ముద్ద అలాగే ఇంటికి తిరిగొచ్చింది, సాయంత్రానికి ఎండి పగుళ్ళిచ్చింది. ఎవరి కొడుక్కీ ఆమె మళ్ళీ పెట్టలేదు. కోట వైపు కూడా పోలేదు.

ఈ ఏడు వార్షికానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. నాయన, అవ్వ, చిన్నమ్మ ఎవరూ ఇప్పుడు లేరు. చకోత చెట్లున్న పెరళ్ళు లేఅవుట్లయ్యాయి. గండిని కొత్తరాయితో పూడ్చేశారు. ఎన్ని లోడ్ల రాయి పట్టి ఉంటుందో నా కళ్ళు వాటంతటవే లెక్కేశాయి. ఆకులు పెట్టిన చోట కార్లు నిలిపారు. అక్కడ ఒకప్పుడు ఏం పెట్టేవారో తెలిసిన ఆడమనిషి నాకొక్కరూ కనబడలేదు. చీకటి పడ్డాక రంగుదీపాలు గోడమీద పడుతుంటే, యాంకర్ అమ్మాయి అమరుల పేర్లు గబగబా చదివింది. చిన్నాయన పేరు చివర్లో వచ్చింది. కాదని చెప్పేవాళ్ళెవరూ లేరు. కుర్చీల్లోని జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.