మోదుగుపూలకు రెండు స్టెన్సిళ్లు

డ్రాయింగ్ టీచరంటే బడిలో అందరికీ లోకువే. వార్షికోత్సవం స్టేజీ అలంకరించడానికి తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. ఇల్లందులో నేను పనిచేసే బడిలో ఆ ఏడు పరిస్థితి ఇంకా దిగజారింది. వచ్చే టర్మ్ నుంచి నా పీరియడ్లన్నీ లెక్కల సార్‌కి ఇస్తామని హెడ్ మేడమ్ అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"వార్షికోత్సవం కార్డు మీద బొమ్మ నేనే వేసి, మన మిషన్ మీదే రెండు రంగుల్లో కొట్టి చూపిస్తాను మేడమ్. అప్పటికీ పనికిరాదనిపిస్తే తీసేయండి" అన్నాను.

"సోమవారం దాక చూస్త" అన్నారు.

మన మిషన్ అంటే క్వశ్చన్ పేపర్లు కొట్టే డూప్లికేటర్. దాని అద్దం మీద కాగితం బోర్లిస్తే, బొమ్మ ఉన్నంత మేర లోపల ఒక సన్నని పొరకు చిల్లులు పడతాయి. అదే స్టెన్సిల్. ఆ చిల్లుల్లోంచి సిరా కాగితం మీదికి దిగుతుంది. నలుపు సిరా డ్రమ్ముతో పాటు ఎవరూ ముట్టని ఎరుపు డ్రమ్ము కూడా ఉంది. మిషన్‌ను నడిపేది మా అటెండరక్క. పందెం కాసేముందు ఆమెను ఒక్క మాట అడగలేదు, అదీ నా తెలివి.

మోదుగు కొమ్మను నల్ల ఇంకుతో, పూలను నిండు ఎరుపుతో వేసి పట్టుకెళ్లాను. అంతా నల్లగా వచ్చింది.

"దీనికి రంగు తెల్వదు టీచరమ్మా" అంది అక్క. "కొమ్మ ఒక కాయితం మీద, పూలు ఇంకో కాయితం మీద వెయ్యాలె. రెండూ నలుపుతోనే."

మోదుగుపువ్వును నల్లగా వేయడానికి చెయ్యి రాలేదు. పాత బొమ్మను కిటికీ అద్దానికి ఆనించి, దాని మీద కాగితం పెట్టి, తిట్టుకుంటూనే దిద్దాను.

ఈసారి పూలు ఎర్రగా వచ్చాయి గానీ కాగితం నిండా చుక్కలు. మిషన్ అద్దం మీది దుమ్మంతా స్టెన్సిల్‌కి ఎక్కుతుందని అక్క చెప్పింది. వెంటనే చున్నీ అంచుతో తుడిచాను. మా ఊళ్లో ఏది ముట్టుకోవాలన్నా ముందు ఒకసారి తుడవడం అలవాటు. చుక్కలు పెరిగాయి. ఇంకా గట్టిగా తుడిచాను. ఇంకా పెరిగాయి. అక్క నా చున్నీ అంచు పట్టుకుని చూసింది.

"ఇది ఏడ ఆరేసిండ్రు?"

"డాబా మీద."

"మీ డాబా ఓపెన్‌కాస్ట్ గనికి ఎదురుంగనే గద. బొగ్గంత మీరే తెచ్చి రుద్దుతున్నరు."

సిగ్గుతో నవ్వొచ్చింది. అక్క బీరువాలోంచి కవర్లో చుట్టి దాచిన మెత్తటి గుడ్డ తీసి ఇచ్చింది. కాగితం తెల్లబడింది.

శుక్రవారం కార్డులన్నిటికీ కొమ్మ కొట్టి, సిరా ఆరడానికి బెంచీల మీద పరిచాం. శనివారం ఎరుపు డ్రమ్ము ఎక్కించాం. పూలు కొమ్మను వదిలేసి పక్కన గాలిలో పూశాయి. పూలు పడే చోటును గోరు మందాన జరపడం, కొట్టడం, మళ్లీ జరపడం. మధ్యాహ్నానికి గానీ పువ్వు తొడిమ మీద కూర్చోలేదు. కూర్చున్నాక అక్కా నేనూ చేతులు పట్టుకుని ఎగిరాం.

సోమవారం హెడ్ మేడమ్ కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏ ప్రెస్సుల కొట్టిచ్చినవ్? ఖమ్మంలనా?"

ఆమెను మిషన్ గదికి తీసుకెళ్లాను. అక్క ఉత్త కొమ్మ ఉన్న కార్డు ఒకటి లోపలికి పంపింది. అవతల పూలతో వచ్చి పడింది. నాకు గర్వం ఆగలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు.

కొత్త టైంటేబుల్‌లో నా పీరియడ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా శనివారం ఆఖరి పీరియడ్ లెక్కల సార్ దగ్గర తీసి నాకిచ్చారు.