ముందా, వెనకా: మా బాబాయి వాకబు

మా బాబాయి వాడినవాళ్ళని అడగకుండా ఏదీ కొనడు, తినడు, ఎక్కడు. గొడుగు కొనాలంటే వానలో ఎదురొచ్చిన వాళ్ళని ఆపి "ఏమండీ, కారుతోందా?" అని అడుగుతాడు. వాళ్ళు జవాబు చెప్పేలోగా తను తడిసి ముద్దవుతాడు.

పెళ్ళి మాటెత్తితే మా నాన్ననే అడిగాడట. "ఎలా ఉంది అన్నయ్యా, పెళ్ళి?"

నాన్న ఓరగా అమ్మవైపు చూసి "బాగానే ఉందిరా" అన్నాడట.

"భయపడి చెప్పావు. లెక్కలోకి రాదు."

ఆ వాకబు ఇంకా సాగుతూనే ఉంది. అందుకే మాకు పిన్ని లేదు.

నాన్నకు సెలూన్ ఉంది. బాబాయి రోజూ అక్కడే బల్ల మీద కూర్చుని, కుర్చీ దిగిన ప్రతివాణ్ణీ "ఎలా గీశాడు?" అని అడిగేవాడు. అందరూ భేష్ అనేవారు. అయినా తన గడ్డం మాత్రం ఇంట్లోనే గీసుకునేవాడు. ఇంకా కొంతమందిని అడగాలట.

అంతమంది మెచ్చిన నాన్న చేతులు మొరాయించాయి. కత్తెర జారిపోయేది. చొక్కా గుండీలు అమ్మే పెట్టాల్సి వచ్చేది. నడుస్తుంటే తూలేవాడు. స్కాన్ తీస్తే మెడలో వెన్నుపాము నలిగిపోతోందని తేలింది.

"ఆపరేషన్ చేయకపోతే కాళ్ళూ చేతులూ ఇంకా పాడవుతాయి. మెడ ముందు నుంచైనా చేస్తాం, వెనక నుంచైనా చేస్తాం. స్కాన్ పూర్తిగా చూసి చెప్తాను" అన్నాడు డాక్టరు.

"మెడ మీద కత్తి పెట్టడం నా పని. నా మెడ మీద ఇంకొకడు పెడతాడా? చస్తే ఒప్పుకోను!" అన్నాడు నాన్న.

"ముందో వెనకో తేలాలిగా అన్నయ్యా! చేయించుకున్నవాళ్ళని అడిగొస్తా" అన్నాడు బాబాయి.

మర్నాటి నుంచి ఆస్పత్రి వరండాలో కాపలా కాశాడు. మెడకు పట్టీ కనిపిస్తే చాలు, వదిలేవాడు కాదు. ఒకాయన్ని రెండు వీధులు వెంటపడి పట్టుకున్నాడు. తీరా చూస్తే ఆయన చలికి మఫ్లర్ చుట్టుకున్నాడు.

చివరికి ముందు వైపు చేయించుకున్న ఒక బస్సు డ్రైవర్నీ, వెనక వైపు చేయించుకున్న ఒక టీచరమ్మనీ ఇంటికి లాక్కొచ్చాడు. డ్రైవర్ చేతిలో ఎండు రొట్టె పెట్టి "మింగండి" అన్నాడు.

"మొదట్లో గొంతు పట్టేసి, మాట బొంగురు పోయిందండీ. ఇప్పుడు ఫర్వాలేదు" అని ఆయన నీళ్ళడిగాడు. ఆ రొట్టెకి నీళ్ళు ఎవరైనా అడుగుతారు.

టీచరమ్మని పైన తిరిగే ఫ్యాను చూడమన్నాడు.

"మెడ నొప్పి ఇంకా ఉంది బాబూ. కానీ కర్ర లేకుండా మీ మెట్లెక్కి వచ్చానా లేదా?"

తర్వాత ఇద్దరి చేతా నాన్న చొక్కాలకు గుండీలు పెట్టించాడు. మూల మంచం మీద ముసుగు తన్ని పడుకున్న నాన్న మెల్లగా లేచి వచ్చి కూర్చున్నాడు.

"నేను మళ్ళీ కత్తెర పట్టగలనా అమ్మా?"

"అది నేను చెప్పలేను. నాకు సూదిలో దారం ఇప్పటికీ ఎక్కదు. ఇంకా చెడకుండా మాత్రం ఆగింది" అంది టీచరమ్మ.

నాన్న చాలాసేపు ఆవిడ చేతులే చూశాడు. "ఒరేయ్, నీ వాకబు చాలు. వెళదాం పద" అన్నాడు.

ఆపరేషన్ రోజున నేను డాక్టర్ని అడిగాను. "ముందా, వెనకా? మా బాబాయి ఏం తేల్చాడు?"

ఆయన నవ్వాడు. "మొదటి వారమే చెప్పానే ఆయనకి! రెండింటి ఫలితమూ చాలామందికి ఇంచుమించు ఒకటే. మీ నాన్నగారికి చాలాచోట్ల నొక్కుతోంది కాబట్టి వెనక నుంచే మేలు. ఆ మాట అప్పుడే చెప్పొద్దన్నాడు. చేయించుకుని తిరిగే మనుషుల్ని కళ్ళారా చూస్తే గానీ అన్నయ్య భయం పోదన్నాడు. ఎలాగూ ఆపరేషన్ తేదీకి ఇంకా టైముంది కదా అని సరే అన్నాను."

కొన్ని నెలలకు నాన్న తూలకుండా నిలబడ్డాడు. చిటికెన వేలు మొద్దుబారే ఉంది గానీ చేతులు చాలావరకు దారికొచ్చాయి. సెలూన్ తెరిచిన రోజు పాతవాళ్ళంతా వచ్చారు. క్షేమమడిగారు, నాన్న వేళ్ళవైపే చూస్తూ గుమ్మంలోనే ఆగారు. కుర్చీ ఖాళీగా ఉంది. నాన్న మొహం చిన్నబోయింది.

వెనక నుంచి బాబాయి తోసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుని మెడ చాపాడు.

"ఏరా, ఎవర్నీ అడగలేదేం?" అన్నాడు నాన్న.

"నువ్వు కానియ్, అన్నయ్యా."

"మెడ ముందు నుంచి మొదలెట్టనా, వెనక నుంచా?"

"ఎటైనా సరే, మీసం జోలికి రాకు" అని బాబాయి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

గడ్డం మీద ఒకచోట కొంచెం తెగింది. బాబాయి అక్కడ దూది అద్దుకుంటూ లేచి, గుమ్మంలో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు.

"ఊఁ, నన్నడగండి!"