బండ్ల మామ వేసిన ముడి

బండ్ల మామ పోయాడని సోమవారం పొద్దున పిటాన్ ఊరి నుంచి కబురొచ్చింది. ఎవరు చెప్పారు, ఎవరు చూశారు అని కబురు తెచ్చినవాణ్ణి రెండుసార్లు అడిగాను. ఆ అలవాటు మామ దగ్గర అబ్బిందే.

చెరుకు బండ్లు తోలే మా అందరికీ ఆయన మామే. ఒకసారి ఆయన అన్నం డబ్బాలో కప్పని పెట్టాను. అప్పట్నించీ డబ్బాని చెవి దగ్గర ఊపి చూశాకే మూత తీసేవాడు. "ఊరికే ఇస్తున్నాడంటే ముందు వాడి కళ్ళు చూడరా" అనేవాడు.

పెద్ద తుఫాను వచ్చిన ఏడాది మా కూలీల కేంపులో ఒక్క ఇంటి కప్పూ నిలవలేదు. సర్కారు పోర్ లూయిస్ రేవు నుంచి రైల్లో బియ్యం పంపింది. స్టేషన్ నుంచి చేర్చడానికి చక్కెర మిల్లువాళ్ళు బండ్లు, ఎడ్లు ఊరికే ఇచ్చారు. అందరం దండాలు పెట్టాం. మామ మాత్రం ప్రతి బస్తా మూతి విప్పి, నాలుగు గింజలు నమిలి, మళ్ళీ తన ముడి వేసి బండెక్కించాడు.

దారిలో ఎడ్లకి నీళ్ళు పెట్టాలని కూలీల మీద పెత్తనం చేసే మిల్లు సర్దారు బండ్లని తమ ఆవరణలోకి తిప్పి, మమ్మల్ని టీకి పిలిచాడు. మామ ఎడ్లని తొట్టి దగ్గరికి తోలుకెళ్ళగానే నాకు చెయ్యి దురద పుట్టింది. ముందు బండి మీద ఒక బస్తా ముడి విప్పి, నా ముడి వేసి, ఏమీ ఎరగనట్టు టీకి వెళ్ళాను. ఎడ్లని కట్టేసి మామా వచ్చాడు.

కేంపులో మూడు రోజులుగా కర్రపెండలం తింటున్న ఆడవాళ్ళు గిన్నెలతో నిలబడ్డారు. మొదటి బస్తా ముడి మీద చెయ్యి వేసి మామ ఆగిపోయాడు. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, అన్నీ కిందికి దించమన్నాడు. పిల్లలు ఏడుస్తున్నారు. "బియ్యానికి పెళ్ళిచూపులేంట్రా" అని ఒక ముసలమ్మ తిట్టింది. ఆ ముడి నాదేనని చెప్పాలనుకున్నాను. బస్తాలు దించేవాళ్ళలో కలిసిపోయాను.

ఇంకో పదకొండు బస్తాల ముడులు కూడా ఆయనవి కావు. విప్పితే పురుగులు, ముక్కిన వాసన. మిల్లు స్టోరులో తారుమారై ఉంటాయన్నాడు సర్దారు.

"బండి మీద బస్తా స్టోరుకెలా నడిచెళ్ళింది సర్దారూ?" అన్నాడు మామ.

కేంపు మగవాళ్ళందరం బండ్ల వెంట మిల్లుకి వెనక్కి నడిచాం. సాయంత్రానికి మంచి బియ్యం ఉడికింది.

మిల్లు బండ్లు లేకపోతే ఆ బియ్యం స్టేషన్‌లోనే ముక్కేదని కూడా మామే అనేవాడు. "బండి తీసుకో. కాపలాకి మాత్రం మనవాణ్ణి పెట్టు."

నిరుడు ఎందుకో ఆ మాట మళ్ళీ ఎత్తాడు. "ఆ రోజు మారినవి పన్నెండు ముడులురా. అందులో మొదటి బస్తాలో మంచి బియ్యమే. ముడి ఎడమచేతిది." నేను ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. "సర్దారు టీ బాగుంది, నేనూ మెత్తబడ్డాను. నీ ముడి తగలకపోతే మిగతావి చూసేవాణ్ణి కాదు. అలాగని మెచ్చుకోనులే."

మొన్న దినం వంటకి బియ్యం తియ్యమంది అత్త, మామ భార్య. ఆయన కట్టిన బస్తా. విప్పడానికి చాలాసేపు పట్టింది. బియ్యం కొలిచి తీసి, మళ్ళీ కట్టాను. అత్త నా ఎడమచేతి ముడి వంక చూసింది, నా వంక చూసింది. దాన్ని విప్పి, లోపల చెయ్యి పెట్టి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది.