గాలి వచ్చే గదికి కిరాయి తక్కువ

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలం, కాలుష్య నియంత్రణ మండలిలో గాలి నమూనాలు తీసే ఫీల్డ్ ఆఫీసర్‌గా నన్ను ఉప్పల్ నుంచి నాచారం పారిశ్రామికవాడకు వేశారు. రిటైరయ్యేముందు అదే నా చివరి పని. మా యంత్రం తెల్లటి వడపోత కాగితం గుండా గాలిని పీలుస్తుంది. కాగితాన్ని ముందూ తర్వాతా తూస్తే వచ్చే తేడాయే దుమ్ము. కిరాణా కొట్టువాడి కొడుకునైన నాకు సర్కారు కూడా తక్కెడే ఇచ్చిందని మావాళ్లు నవ్వేవారు.

యంత్రానికి తెగని కరెంటు, తాళం పడే మెట్లు, యజమాని ఒప్పుదల కావాలి. అందుకే అది ఎప్పుడూ ఉన్నవాళ్ల డాబాలమీదే కూర్చునేది. ఈసారి ఫ్యాక్టరీ గోడ పక్కనున్న నర్సింగరావు ఇంటిమీద పెట్టమన్నారు.

ఉప్పల్ కాలనీల్లో 'గాలి బాగా వస్తుంది' అంటే కిరాయి ఎక్కువ. ఇక్కడ అదే మాటకు తక్కువ. గోడవైపు కిటికీ ఉన్న వెనక గదిలో, ప్యాకింగ్ పనికి పోయే యాదమ్మ, ఆయాసంతో బాధపడే కూతురు లావణ్య ఉండేవారు. తెల్లవారుజామున మంచూ పొగా ఒకటై, ఫ్యాక్టరీ చిమ్నీ మొదలు కనబడేది కాదు. కొస మాత్రం ఆకాశంలో తేలుతున్నట్టుండేది. లోపల్నుంచి ఆ పిల్ల దగ్గు, ఎక్కడో నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వినిపించేది.

నర్సింగరావు అడ్డం తిరిగాడు. "మిషన్ జూస్తే కిరాయికి ఎవడొస్తడు సారూ?"

"ఇప్పుడు మస్తు లైను గట్టిన్రు గద మామా!" అంది యాదమ్మ.

కాగితం నల్లబడితే పైవాళ్లు కదులుతారని ఆమెకు ఆశపెట్టాను.

"గాలి సాఫైతే మామ కిరాయి పెంచడా? మేం ఇంకో చిమ్నీ దేవులాడుకోవాలె సారూ."

నేను నర్సింగరావుతో బేరం పెట్టాను. యంత్రానికి కాపలా మనిషి మెట్ల పక్కనే ఉండాలి. మెట్ల పక్కనున్న ముందు గది ఖాళీ. పాత కిరాయికే యాదమ్మను అందులో ఉంచితే ఇంటి కరెంటు బిల్లంతా ఆఫీసుదన్నాను.

"నువ్వు ఆఫీసరువా, షావుకారువా?" అని నర్సింగరావు గొణిగి, "మిషన్ ఉన్నన్నాళ్లే" అన్నాడు. గెలిచిన సంబరంలో ఆ మాటమీద బేరమాడలేదు.

డాబామీద కాగితాలు మబ్బురంగుకు తిరుగుతుంటే, కింద లావణ్య మందు పీల్చకుండానే నిద్రపోతోందని యాదమ్మ చెప్పింది.

చలి తగ్గగానే యంత్రం దించమని ఉత్తర్వు వచ్చింది. గడువు అడిగితే ఆఫీసు కుదరదంది. నర్సింగరావునూ బతిమాలాను. "మాటంటే మాటే సారూ" అన్నాడు. యాదమ్మ సామాను వెనక గదికి మారింది. వారం తిరక్కముందే పిల్లను దవాఖానాకు తీసుకుపోయారు.

మా నివేదికలో ఆ ఇంటికి ఒకే అంకె ఉంది, డాబామీది గాలిది. దానికింద ముందు గదికొకటి, వెనక గదికొకటి రెండు గాలులున్నాయనీ, ఏది ఎవరికన్నది కిరాయి తేలుస్తుందనీ అందులో లేదు. నమూనా తీసేవాడు చిరునామాతో ఆగకూడదు, గది కిరాయి కూడా అడగాలి. నేను నేర్చుకున్నది ఇది.