ఒరిగిన అక్షరాలు, ఒరగని గోడ

కొత్తగా పనిలో చేరిన ఆ రోజుల్లో నాకు రాని పని ఏదైనా ఎదురైతే ‘ఓస్, అదెంత’ అనేదాన్ని. వచ్చిన పనికీ అదే మాట అనేదాన్ని కాబట్టి తేడా ఎవరికీ తెలిసేది కాదు. నరసరావుపేటలో పత్తి వ్యాపారుల కొట్ల పైన ఒక ఇరుకు గదిలో వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళం. (గదికి కిటికీ ఉండేది. తెరిస్తే దూది లోపలికొచ్చేది కాబట్టి లేనట్టే లెక్క.) అక్కడ నాకు సొంతంగా దక్కిన మొదటి పని సెంట్రింగ్ మామయ్యది.

ఆయన మా అమ్మకి వరసకి అన్నయ్య. గురజాలలో స్లాబులకి సెంట్రింగ్ కొడుతూ మొదలుపెట్టి అపార్ట్‌మెంట్లు కట్టేదాకా వచ్చాడు గానీ, ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. పేటలో కొత్త ఆఫీసు తెరిచే రోజున తన వెబ్‌సైట్‌ని పెద్ద టీవీలో అందరికీ చూపించాలని ఆయన ముచ్చట. పైన పెద్దక్షరాల్లో ‘మా గోడ ఒరగదు’ అని ఉండాలి.

“ఏమే కోడలా, అక్షరాలు చానా స్టైలుగా ఉండాల. ముందుకి పరిగెత్తతన్నట్టుండాల. మాచర్ల నించి ఫ్లాట్లు కొనేవాళ్ళు వస్తన్నారు. నా పరువు నీ చేతుల్లో ఉంది” అన్నాడు.

“ఓస్, అదెంత మామయ్యా” అన్నాను.

ఇంగ్లీషులో ఇటాలిక్ అంటే అక్షరం రూపే మారిపోతుంది. మన తెలుగుకి ఆ అలవాటు లేదు, ఉన్న అక్షరాన్నే పక్కకి ఒంచాలి. అప్పుడే వేరియబుల్ ఫాంట్ అని కొత్తది దొరికింది. ఒకే ఫాంటు, లావు కావాలంటే ఒక అంకె, ఒంపు కావాలంటే ఇంకో అంకె మారిస్తే చాలు. ఒంపు అంకె వేశాను. నా ముసలి లాప్‌టాప్‌లో అక్షరం కదల్లేదు. అంకె పెంచాను. ఊహూఁ. విసుగొచ్చి, పాత పద్ధతిలో ‘ఇటాలిక్’ అని కూడా కోడ్‌లో రాసేశాను. వెంటనే అక్షరాలు అందంగా ఒరిగాయి. ఆ అంకెని అలాగే వదిలేసి హాయిగా ఇంటికి పోయాను.

ప్రారంభం రోజు ఆఫీసు నిండా జనం. మామయ్య పట్టుచొక్కాలో మెరిసిపోతున్నాడు. సరికొత్త కంప్యూటర్, గోడంత టీవీ. పేజీ తెరుచుకుంది. ‘మా గోడ ఒరగదు’ అన్న అక్షరాలు దాదాపు నేలకి ఆనుకుని పడుకుని ఉన్నాయి. మాచర్ల వాళ్ళంతా ఒక్కసారిగా తలలు పక్కకి వాల్చి చదవడం మొదలుపెట్టారు.

ముందు వరసలో కూర్చున్న మామయ్య వాళ్ళమ్మ గట్టిగా అంది: “ఏందిరా అయ్యా ఇది? గోడ ఒరగదని రాసి అక్షరాల్ని పండబెట్టారేంది?”

హాలంతా గొల్లున నవ్వింది. మామయ్య నా వైపు చూసిన చూపుకి ఏ గోడైనా ఒరిగేదే.

అప్పుడు తట్టింది నాకు అసలు సంగతి. నా లాప్‌టాప్‌లోని పాత బ్రౌజర్‌కి ఆ అంకె అర్థమే కాలేదు. ఈ కంప్యూటర్లో ఉన్న కొత్త బ్రౌజర్ అంకె ప్రకారం ఒక ఒంపు ఒంచింది. ఈ ఫాంటులోనే ఒంపు ఉందని నేను దానికి ముందే చెప్పలేదు కాబట్టి, ఇటాలిక్ మాట చూసి తనూ ఒక తోపు తోసింది. పరిగెత్తమంటే బోర్లా పడ్డాయి పాపం!

ఆ టీవీ మీదే కోడ్ తెరిచి ఇటాలిక్ తీసేశాను. అక్షరాలు సగం లేచాయి. ఎవరో ఈల వేశారు. ఒంపు అంకె మీదికి పోయి బాణం మీట నొక్కి అంకె తగ్గించాను. కొంచెం లేచాయి. మళ్ళీ నొక్కాను. ఇంకొంచెం. జనం తలలు కూడా వాటితోపాటే లేస్తున్నాయి. చివరికి అక్షరాలన్నీ నిటారుగా నిలబడ్డాయి. చప్పట్లు!

మామయ్య మైకు లాక్కున్నాడు. “చూశారుగా! పడేదాన్ని గూడా నిలబెడతాం. అదీ మన పనితనం!”

“మామయ్యా, అది కావాలని చేసింది కాదు, పొరపాటున...” అని చెవిలో గొణిగాను.

“నోర్మూసుకోవే పిచ్చిమొద్దూ” అన్నాడు మైకు మూసి, నవ్వాపుకోలేక. “ఆ పడి లేచేది అట్టనే ఉంచు. తీశావంటే ఊరుకోను.”

ఆ సాయంత్రం వాళ్ళమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ అక్షరాల్ని మళ్ళీ మళ్ళీ పడేయించి, లేపించి, పసిపిల్లలా నవ్వింది.

ఇప్పుడు నేను ఒంపు ఎంత ఉండాలో ముందే బ్రౌజర్‌కి చెప్పి, పాత ఫోన్లలో, కొత్త ఫోన్లలో చూసుకుని గానీ పేజీ ఇవ్వను. అంతా సజావుగా ఉంటుంది. చూసినవాళ్ళు తలూపి టీ తాగడానికి వెళ్ళిపోతారు. అప్పుడు ఖాళీ అయిన గదిలో లాప్‌టాప్ మూస్తూ, నిండు హాల్లో వణుకుతూ మీట నొక్కిన ఆ పిల్ల ఒక్కసారి కనబడితే బావుండునని అనిపిస్తుంది.