వెయ్యి వాట్ల పెట్టె

కొంపల్లిలో స్పీకర్లు అమ్మే దుకాణంలో ఏసీ చల్లదనానికి ముడుచుకుని కూర్చున్నానా, వేడెక్కుతున్న ఆంప్లిఫయర్ నుంచి దుమ్మూ వార్నిషూ కలిసిన వాసన ఒకటి వచ్చి నన్ను శామీర్‌పేటలో మా పాత వాకిట్లో దింపింది. మా ఆయన మాత్రం సున్నా తర్వాత చుక్క, చుక్క తర్వాత మళ్లీ సున్నాలున్న స్పీకరు లెక్కల కాగితాన్ని జాతకం చూసినట్టు చూస్తున్నారు.

రోజూ మేడ్చల్‌కు వెళ్లి బట్టలు కుట్టే మా నాయినకు ఈ లెక్కల్లో ఒక్కటే తెలుసు, వాట్లు. బతుకమ్మ రోజులొస్తే మా ఇంట్లో తంగేడు, గునుగు పూల పచ్చి వాసన, వేగే నువ్వుల వాసన, రోట్లో బెల్లంతో నలిగే పల్లీల వాసన, కొత్త చీరల గంజి వాసన ఒకదాన్నొకటి తోసుకునేవి. ఆ సందడికంతా పెద్ద మా అవ్వ, నాయిన తల్లి. వాడలో పాట ఎత్తుకునేది ఆమే. చెవులు పోయాక ఒక ఏడు, చప్పట్లు తప్పుతున్నాయని ఎవరో నవ్వితే, ఇక ఆడనని అరుగెక్కి కూర్చుంది.

అవ్వను మళ్లీ ఆటలోకి దింపాలని నాయిన పట్టుబట్టాడు. వాట్లు పెరిగితే ఆమెకు వినిపిస్తుందని ఆయన నమ్మకం. పట్నం నుంచి 'వెయ్యి వాట్లు' అని రాసున్న ప్లైవుడ్ పెట్టె తెచ్చాడు. ఆ అంకె రెప్పపాటు బలమే తప్ప పాటంతా నిలిచేది కాదని పక్కింటి కోస్తా మాస్టారు నచ్చజెప్పబోతే, చాలా రోజులు ఆయనతో మాట మానేశాడు. తీరా చప్పుడు పెంచే మీట చివరిదాకా తిప్పితే అల్మరాలో గిన్నెలన్నీ గలగలమన్నాయి.

"గిన్నెలు ఆడుతున్నయ్ గని, పాటేది బిడ్డా?" అంది అవ్వ. నాయిన ముఖం చూడలేకపోయాను.

సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆ పెట్టెను వాడ మధ్యలో పెట్టారు. పాట గరగరలాడుతోంది, మాటలు సగం తెలియడం లేదు. మాస్టారు చెప్పిందే నిజమనిపించింది. సద్ది గిన్నెతో వచ్చిన అవ్వ, కాలు తడబడి, ఆసరాకు పెట్టె మీద చెయ్యేసింది. ఆ చెయ్యి ఇక తీయలేదు. పాటలో డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఆ పలచటి చెక్క అదురుతోంది.

"వస్తాంది బిడ్డా," అంది నాయినతో, "చేతికి వస్తాంది."

ఒక చెయ్యి పెట్టె మీద ఉంచి, రెండో చేత్తో నా అరచేతి మీద చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. శ్రుతి ఎటో పోయింది గానీ దెబ్బ ఒక్కటీ తప్పలేదు. ఆడవాళ్లు తమ బతుకమ్మలను తెచ్చి పెట్టె దగ్గర పెట్టి, ఆమె చుట్టూ తిరుగుతూ ఆడారు. నాయిన మీట దగ్గరే నిలబడి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

అవ్వ పోయింది, పెట్టెను చెదలు తిన్నాయి, ఆట సాగిన చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ల కార్లు నిలుస్తున్నాయి. దుకాణంలో పాట మొదలైంది. తబలా మీద వేలు జారడం కూడా తెలుస్తోంది. లేచి వెళ్లి స్పీకరు మీద అరచెయ్యి ఆనించాను.

"ఇది అదురుతలేదేంది?" నాకు తెలియకుండానే ఇంటి మాట వచ్చేసింది.

"మంచి పెట్టె అదరది మేడం," అన్నాడు అమ్మేవాడు గర్వంగా. "అదిరితే పాట ఖరాబైతది."

అతను చెప్పింది నిజమే, పాట అద్దంలా ఉంది. అదే తీసుకుందామని మా ఆయనతో అన్నాను గానీ, పాట అయ్యేదాకా చెయ్యి మాత్రం తీయలేకపోయాను. ఇంత మంచి పెట్టె ముందు మా అవ్వకు ఒక్క దెబ్బ కూడా వినిపించేది కాదు.