మా బాబాయి గీసిన నీలి గీత

మా బాబాయి బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని కాస్తా మూలపడ్డాక, మునిసిపల్ ఆఫీసువాళ్ళు పిలిచి ఇంకో పని అప్పగించారు. అంతకుముందు ఏడాది వచ్చిన వరదలో పల్లపు వీధుల్లో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో, ప్రతి ఇంటి గోడ మీదా సరిగ్గా అంత ఎత్తున నీలిరంగు గీత గీయాలి. చూసినవాళ్ళు ముందే జాగ్రత్త పడతారని వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ గీత ఉన్న ఇంట్లోకి అద్దెకెవరు దిగుతారు?

అందుకే మొదట్లో బాబాయికి ఇంటింటా మర్యాదలే. కుర్చీ వేసి, టీ ఇచ్చి, కాసేపు వాన కబుర్లు చెప్పి, "కాస్త కిందకి గీయరాదూ" అనేవాళ్ళు. బాబాయి టీ తాగేవాడు, గీత మాత్రం గీయాల్సిన చోటే గీసేవాడు. కొన్నాళ్ళకి టీలు ఆగిపోయాయి. ఆయన వస్తుంటే "గీతల మేస్త్రీ" అంటూ తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషే, గీత దగ్గరికొచ్చేసరికి మాత్రం మొండిఘటం.

వీధి చివర, అందరికంటే పల్లంలో ఉన్నది మా అత్త ఇల్లు. అత్త బాబాయికి సొంత అక్క. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఆవిడ మేడ మీద ఉంటుంది, కింది గది అద్దెకిస్తుంది. వరదలో ఆ గదిలో నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి. ఇప్పుడు అందులోకి ఒక దర్జీ, మంచం దిగలేని తల్లిని తీసుకుని రాబోతున్నాడు.

"మోకాలిదాకా గీస్తే చాల్లేరా" అంది అత్త.

"నీళ్ళు ఛాతీదాకా వచ్చాయక్కా."

"వచ్చాయి, పోయాయి. నువ్వు గీసింది పోదుగా."

బాబాయి ఛాతీ ఎత్తునే గీశాడు. మర్నాడు అత్త దాని మీద సున్నం కొట్టింది. ఆయన మళ్ళీ గీశాడు, ఆవిడ మళ్ళీ కొట్టింది. మా వీధిలో ఇంకే గోడకీ అంత సేవ జరగలేదు. చివరికి అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. దర్జీ వచ్చి, తెల్లటి గోడ చూసి ముచ్చటపడి, సామాను దించుకున్నాడు.

నాకు అత్త మీద ఒళ్ళు మండింది. బాబాయి డబ్బా, కుంచె తీసుకుని దర్జీ గదికి బయల్దేరాడు, వెనకాలే నేనూ. కిటికీ పక్కన కుట్టుమిషను, నేల మీద గుడ్డల మూటలు, మూలనున్న మంచంలో ముసలావిడ. దర్జీని అడిగి, మంచం పక్క గోడ మీదే గీత గీశాడు బాబాయి. అది ఆవిడ ముఖానికి మూరెడు పైన పడింది.

"ఏంటి నాయనా అది?" అనడిగింది ముసలావిడ.

"పోయినేడు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయమ్మా."

ఆవిడ గీతనీ, తననీ మార్చి మార్చి చూసుకుంది. "అయితే నేను నీళ్ళలోపలే ఉంటానన్నమాట" అంది.

దర్జీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. వేరే గది వెతుక్కునే స్తోమత అతనికి లేదు. సంగతి మేడ మీదకి చేరింది. అత్త దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ మంచాన్నీ, దాని పైన గీతనీ చాలాసేపు చూసింది. ఈసారి సున్నం తేలేదు. ఆ వారంలోనే దర్జీనీ, తల్లినీ, మిషన్నీ మేడ మీదకి ఎక్కించి, తను కిందికి దిగింది. ఎందుకత్తా అంటే, "మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేను" అంది. బట్టలారేయడానికి మాత్రం రోజూ డాబా ఎక్కుతూనే ఉంది. బాబాయితో మాట్లాడలేదు.

మళ్ళీ వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే నీళ్ళొచ్చాయి. దర్జీ అత్త చెయ్యి పట్టుకుని మెట్ల మీదకి లాగాడు. నీళ్ళు తగ్గగానే బాబాయి బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. ఆయన అంతగా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. అత్త తడిచీరతో మెట్ల మీద కూర్చుని ఉంది. తెరిచిన తలుపులోంచి గదిగోడ కనిపిస్తోంది. నీలి గీతకి రెండు వేళ్ళ పైన బురద మరక.

అత్త అది చూపించి, "నీ గీత తప్పురా" అంది. గొడవయ్యాక తమ్ముడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

బాబాయి తల వంచుకున్నాడు. "నీళ్ళు పోయినేడు కూడా అక్కడిదాకే వచ్చాయక్కా. నీ ఇంటికొక్కదానికే రెండు వేళ్ళు తగ్గించి గీశాను."

అత్తకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నాకూ ఆగలేదు. ఆవిడ ముఖం తుడుచుకుని, "గోడ ఆరాక వచ్చి సరిగ్గా గియ్యి, వెధవా" అంది.